చక్రాల కుర్చీకి ఏ భాష?

ఆ ఇంటి కోడలు చేసే ఉద్యోగం ఏమిటో వీధిలో ఎవరికీ సరిగా తెలియదు. అడిగినవాళ్ళకు ఆమె మొగుడు "కంప్యూటర్ పని" అని చెప్పి తప్పుకునేవాడు. అతనికీ అంతకుమించి తెలియదు మరి.

అసలు సంగతి ఇది. బస్సులు మలుపు తిరిగే చోట ఒక రేకుల షెడ్డులో మోటారుతో నడిచే చక్రాల కుర్చీలు తయారుచేసే చిన్న కంపెనీ ఉంది. కుర్చీ చేసి, నడవలేని మనిషిని అందులో కూర్చోబెట్టి, వాలు మీద వదిలేసి, పడ్డాక అయ్యో అనుకుంటే కుదరదు. అందుకని ముందు బ్యాటరీ, మోటారు, సర్క్యూటు, చక్రాలు అన్నిటినీ కంప్యూటర్‌లోనే నడిపి చూస్తారు. దాన్ని సిమ్యులేషన్ అంటారు. కంప్యూటర్‌కు మోటారంటే ఏమిటో పుట్టుకతో తెలియదు కాబట్టి, ఇంత కరెంటు ఇస్తే ఇలా తిరుగుతుంది, ఇంత బరువు పడితే ఇలా నీరసిస్తుంది అని దాని నడవడికను ఎవరో ఒకరు రాసిపెట్టాలి. రాసేది కోడలు. సంబంధాలు కుదిర్చేవాడు పెళ్ళికొడుకు గురించి చెప్పినట్టు కాకుండా, ఉన్నది ఉన్నట్టు.

ఇన్నాళ్ళూ ఆ షెడ్డులో ప్రతిదాన్నీ రెసిస్టర్లు, కెపాసిటర్లు అనే సర్క్యూటు ముక్కలతోనే అల్లి సరిపెట్టేవారు. చక్రం బరువు చూపించాలన్నా ఒక కెపాసిటరే. కొత్త కుర్చీకి ఆ అతుకుల బొంత పనికిరాదని ఓనరుకు ఎట్టకేలకు అర్థమై, నడవడిక రాయడానికే పుట్టిన కంప్యూటర్ భాషల్లో ఒకటి ఎంచుకోమని కోడలికి అప్పజెప్పాడు.

ఆమె ముందున్నవి రెండు. ఒకటి వి.హెచ్.డి.ఎల్-ఎ.ఎం.ఎస్. పేరే రైలంత. ప్రతిదానికీ ముందుగా పేరు చెప్పాలి, రకం చెప్పాలి, ఒక్క మాట అటూ ఇటూ అయితే ఊరుకోదు. ఇది పెద్ద భాష. కోడలు చదువుకునే రోజుల్లోనే దాన్ని కొట్టిన పిండి చేసుకుంది. షెడ్డులో ఇంకెవరికీ దాని వాసన కూడా తెలియదు. రెండోది వెరిలాగ్-ఎ. ఇది చిన్న భాష. పొట్టి పొట్టి వాక్యాలు. మామూలు ప్రోగ్రాములు రాయడం వచ్చినవాడెవడైనా కాసేపు తంటాలు పడితే చదువుకోగలడు. ఆఫీసు కంప్యూటర్లో రెండూ నడుస్తాయి. మోటారునూ చక్రాన్నీ కలిపి చెప్పడం రెండింటికీ వచ్చు.

కోడలు పెద్ద భాషే పట్టుకుంది.

కారణం అడిగితే గంటసేపు చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు, పెద్ద భాష తప్పు రాయనివ్వదు, పద్ధతి నేర్పుతుంది. కానీ చెప్పని కారణం ఒకటి కడుపులో ఉంది. ఆమెకు ఆరో నెల. పెద్దమ్మాయి పుట్టినప్పుడు పాత కంపెనీలో సెలవు పెట్టి తిరిగి వెళ్ళేసరికి, ఆమె పని ఇంకొకడికి ఇచ్చేశారు. ఎవరూ పొమ్మనలేదు. ఒక మూల కూర్చోబెట్టి, "కాస్త సర్దుకున్నాక చూద్దాం" అన్నారు. ఆ చూడ్డం ఎప్పటికీ జరగలేదు. చివరికి ఆమే బయటికి వచ్చింది. ఈసారి ఆ పప్పులు ఉడకనివ్వకూడదు అనుకుంది. ఆమె తప్ప ఇంకొకరు ముట్టుకోలేని భాషలో రాసిపెడితే, ఎన్నాళ్ళు సెలవు పెట్టినా ఆమె కోసం ఎదురుచూడాల్సిందేగా.

షెడ్డులో మోటారుకు ప్రోగ్రాము రాసే కుర్రాడొకడున్నాడు. కుర్రాడంటే ముప్ఫై దాటినవాడే. నోరు విప్పితే ప్రశ్న తప్ప రాదు గనక అతన్ని అందరూ సందేహాలరావు అంటారు.

"మేడం, ఒక సందేహం," అని వచ్చి నిలబడ్డాడు. "ఇక్కడ మోటారుకి ఎంటిటీ అని రాశారు, కింద మళ్ళీ ఆర్కిటెక్చర్ అని రాశారు. ఉన్నది ఒకటే మోటారు కదా, రెండు ముక్కలెందుకు?"

"ఆ భాషలో అంతే."

"అంతే అంటే?"

"అంతే అంటే అంతే. మీ పని మీరు చూసుకోండి."

పక్క బల్ల మీద సర్క్యూటు బోర్డులు గీసే పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. అందరికీ ఆయన బోర్డు బాబాయి. "ఏమయ్యా, ఆవిడ తలుపు వేసుకుంటుంటే సందులో వేలు పెడతావేం? నలిగితే మళ్ళీ అదొక సందేహం అడుగుతావు."

సందేహాలరావు నవ్వేసి వెళ్ళిపోయాడు. కోడలికి మాత్రం చెంపలు వేడెక్కాయి. ముసలాయన చూడనట్టే ఉంటాడు గానీ అన్నీ చూస్తాడు.

ఇంకో నెల గడిచేసరికి డాక్టరమ్మ రక్తపోటు చూసి మొహం చిట్లించి, వారం పాటు మంచం దిగొద్దంది. కోడలు ఎడమ పక్కకు తిరిగి పడుకుంది. ఫోను మాత్రం పడుకోలేదు. కుర్చీ వాలు దిగి ఆగబోయే చోటికి రాగానే సిమ్యులేషన్ కొయ్యబారిపోతోందట. సందేహాలరావు ఒక్కొక్క అక్షరం చదివి వినిపించడం, ఆమె కళ్ళు మూసుకుని "ఆ పై వరస చదవండి, కాదు, దాని పైది" అనడం. చదివేవాడికి అర్థం కాదు, వినేదానికి కనపడదు. కాల్ పెట్టేసిన కాసేపటికే మళ్ళీ మోగేది.

అత్తగారికి అది చూసి కడుపు నిండిపోయింది. ఆవిడ ఒకప్పుడు ఆసుపత్రి లాండ్రీలో పనిచేసిన మనిషి. మంచం పక్కన పీట వేసుకుని, మనవరాలి గౌనుకు గుండీ కుడుతూ మొదలుపెట్టింది.

"చూశావా అమ్మాయ్, నువ్వు లేకపోతే వాళ్ళకి దిక్కు లేదు. అలా ఉండాలి. నేనున్నప్పుడు ఆ బాయిలర్ నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ఎరగదు. ఏ వాల్వు ముందు తిప్పాలో, ఏది వెనక తిప్పాలో ఒక్కడికీ చెప్పలేదు. ఎంతమందినో తీసేశారు గానీ, నన్ను తీసే మగాడు పుట్టలేదు. నీ మొగుడు పుట్టినప్పుడు ఇంకా పురిటి మంచం మీదే ఉన్నాను, నా కోసం వ్యాను పంపారు తెలుసా?"

"వెళ్ళారా అత్తయ్యా?"

"వెళ్ళకపోతే దుప్పట్లు ఎవడుతుకుతాడు? డ్రైవరు తలుపు తీసి పట్టుకున్నాడు. దొరసానిలా ఎక్కాను."

"మరి పిల్లాడు?"

"పక్కింటావిడ పోతపాలు పట్టింది. బతికాడుగా, నీ ఎదురుగానే మూడు పూటలా మెక్కుతున్నాడుగా." అత్తగారు దారం పళ్ళతో తెంపింది. "అంతెందుకు, మా అమ్మ పోయిందని కబురొస్తే కూడా, ఆ పూట ఉతుకు అయ్యాకే కదిలాను. అంత నమ్మకం వాళ్ళకి నా మీద."

ఈ మాట కూడా గొప్పగానే ఎత్తుకుంది గానీ, చివరికి వచ్చేసరికి గొంతు కాస్త కిందికి జారింది. కుట్టిన గుండీనే మళ్ళీ ఒకసారి లాగి చూసుకుంది.

ఫోను మోగింది. కోడలు దాన్ని చేతిలోకి తీసుకుని, మోగుతున్నంతసేపూ చూస్తూ ఉండిపోయింది. అప్పుడామెకు అర్థమైంది. తన కోసం వ్యాను పంపించుకోవడానికి తనే దారి వేసి పెట్టింది. రేపు పసిబిడ్డ ఒళ్ళో ఉన్నా ఈ ఫోను ఇలాగే మోగుతుంది. ఎత్తింది.

"మేడం, ఇప్పుడు పై వరసలో..."

"ఆ ఫైలు మూసెయ్యండి. నేనొచ్చాక చూద్దాం. ఈలోపు చిన్న భాష పుస్తకం ఉంటే తిరగెయ్యండి."

"అదెందుకు మేడం?"

"చెప్తాగా, వచ్చాక."

మంచం దిగి షెడ్డుకు వెళ్ళగానే సందేహాలరావును పక్కన కూర్చోబెట్టుకుని, మొత్తం చిన్న భాషలో తిరగరాయడం మొదలుపెట్టింది. మనసు ఒప్పుకోలేదు. ఒక్కొక్క వరస దిగుతుంటే ఇంటి తాళాలు వీధిలో పంచిపెడుతున్నట్టే అనిపించింది. అయినా చెయ్యి ఆపలేదు. చక్రం రాపిడి దగ్గరికి వచ్చేసరికి పక్కనుంచి గొంతు సవరించుకున్న చప్పుడైంది.

"అడగండి."

"కుర్చీ ముందుకెళ్తుంటే రాపిడి వెనక్కి లాగుతుందన్నారు. వెనక్కెళ్తుంటే ముందుకు లాగుతుందన్నారు. బాగుంది. మరి ఆగినప్పుడో?"

కోడలు ఆ వరస వంక చూసింది. పెద్ద భాషలోనూ అక్షరాలా అదే రాసింది. ఆగబోయే కుర్చీని ఇటో అటో ఇప్పటికిప్పుడు తేల్చుకోమంది. అది తేల్చుకోలేక అక్కడే బిగుసుకుపోయింది. తప్పు భాషది కాదు. ఇంకో మనిషి కళ్ళు దాని మీద పడకపోవడమే అసలు లోటు.

"ఆగే ముందు కొద్దికొద్దిగా తగ్గేలా రాస్తే?" అన్నాడతను.

"రాయండి." కీబోర్డు అతని వైపు జరిపింది.

మొదటిసారి ఎక్కడో చుక్క మర్చిపోయాడు. రెండోసారి నడిచింది. తెర మీద గీత వాలు దిగి, మెత్తగా నేలకు ఆనింది. బోర్డు బాబాయి లేచి వచ్చి, ఇద్దరి తలల మధ్య నుంచి చూసి, "ఇదేదో నాకూ అర్థమయ్యేలా ఉందే," అని తన బల్లకు వెళ్ళిపోయాడు. ఆయన నోట అంతకంటే పొగడ్త ఎవరూ వినలేదు.

ఆ సాయంత్రం కోడలు ఓనరు గదిలోకి వెళ్ళింది. మాటలు ముందే కూడబలుక్కుంది.

"చిన్న భాషే ఖాయం చేశానండి. నేను లేకపోయినా పని నడుస్తుంది. సెలవయ్యాక నేను తిరిగి వస్తాను. ఈ రెండూ కలిపి వినండి, విడివిడిగా వినకండి."

ఓనరు బుర్ర గోక్కున్నాడు. "నడిచే పనికి నువ్వెందుకని అడుగుతానని భయమా?"

"భయమే. ఒకసారి అయింది."

"నాకు అంత ఆలోచన రాదమ్మా," అన్నాడు. "వచ్చినప్పుడు నీకు కుర్చీలకంటే పెద్ద తలనొప్పి ఇస్తాను. మెట్లెక్కే బండి చెయ్యమంటున్నారు. దానికి మోడల్ ఎలా మొదలెట్టాలో ఇక్కడ ఒక్కడికీ తెలియదు."

నమ్మాలో వద్దో తెలియలేదు. నమ్మడానికే తీర్మానించుకుని ఇంటికి వెళ్ళింది.

మగపిల్లాడు పుట్టాడు. ఆ నెలల్లో ఫోను పలకరింపులకే మోగింది. అత్తగారు మొదట్లో "ఏం, వాళ్ళకి నీతో అవసరం తీరిపోయిందా?" అని సూది గుచ్చింది. తర్వాత్తర్వాత మనవణ్ణి కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసి తల్లి చేతికిచ్చి, ఆమె పక్కనే ఉండి పాలివ్వడాన్ని చూస్తూ, ఆ మాట ఎత్తడం మానేసింది.

సెలవయ్యాక మొదటి రోజు కోడలు గుండె చిక్కబట్టుకుని షెడ్డులో అడుగుపెట్టింది. ఫైలు తెరిచింది. ఆమె వదిలి వెళ్ళినదానికి దాదాపు రెట్టింపు అయింది. తడి నేల మీద చక్రం జారడం ఎవరో రాశారు. బ్యాటరీ ముసలిదైతే ఏమవుతుందో ఇంకెవరో చేర్చారు, వంకర టింకరగా. పాత కంపెనీలో ఆమె లేనప్పుడు జరిగిన పని ఆమెకు గోడలా అడ్డం నిలబడింది. ఇక్కడ పై వరస నుంచి కింది దాకా చదువుకుంటూ పోయింది. ప్రతి మాటా తెలిసింది. ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ తెలివిగా దాటారో కూడా తెలిసింది. వాళ్ళను లోపలికి రానిచ్చిన భాషే ఆమెనూ మళ్ళీ లోపలికి రానిచ్చింది.

బ్యాటరీ దగ్గర ఒక వరస సరిచేసింది. తర్వాత కొత్త ఫైలు తెరిచి, మెట్లెక్కే బండికి మొదటి వాక్యం రాసింది.