లింబాద్రి హాకీ కార్డులు

సౌదీలోని అల్ ఖర్జ్‌లో పాల డెయిరీల దాపున తెల్లవాళ్లు కుటుంబాలతో ఉండే కాంపౌండ్ ఒకటుంది. అక్కడ ఇల్లు ఖాళీ అయినప్పుడల్లా గోడలకు రంగు వేసే పని లింబాద్రిది. ఆర్మూరు మనిషి, నలభై దాటినవాడు. ఒకసారి కెనడా పశువుల డాక్టరు ఇల్లు ఖాళీ చేస్తూ గడప పక్కన పెట్టిన చెత్తలో బిస్కెట్ల డబ్బా ఒకటి కనిపించింది. మూత తీస్తే చిన్న చిన్న అట్ట కార్డులు. వాటి మీద మనుషుల బొమ్మలు, వాళ్ల చేతుల్లో హాకీ కర్రలు.

బడి రోజుల్లో లింబాద్రి హాకీ ఆడేవాడు. కర్ర చూడగానే ప్రాణం లేచి వచ్చింది. డబ్బా పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. అవి వాళ్ల నాన్న చిన్నప్పుడు దాచుకున్నవట. ఇంట్లో ఎవరికీ పట్టవు, నువ్వే ఉంచుకో అని డాక్టరు చేత్తో సైగ చేసి నవ్వాడు.

ఆ సాయంత్రం గదిలో పరుపు మీద కార్డులన్నీ పరిచాడు.

“కింద తెల్లగ గాజు పరిచినట్టున్నదేందే?” అన్నాడు గదిలో తనతో ఉండే హన్మాండ్లుతో.

“గాజు గాదే, మంచు. వాళ్ల కాళ్లకు కత్తులున్నయ్ జూడు.”

కత్తుల మీద నిలబడి హాకీ! పైగా గోల్‌కీపర్ ముఖానికి తొడుగే లేదు. పళ్లు ఊడిన నోటితో నవ్వుతున్నాడు. ఇంగ్లీషు పేర్లను అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ లింబాద్రి చాలాసేపు కూర్చున్నాడు. పేర్లు నోరు తిరగకపోతే చొక్కా రంగును బట్టి విడదీశాడు. చెమట చెయ్యి తగలకుండా ఒక్కొక్కదాన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టాడు.

అక్కడితో ఆగలేదు. కాంపౌండ్‌లో ఎవరు ఇల్లు మారినా “ఓల్డ్ హాకీ కార్డ్?” అని అడగడం మొదలుపెట్టాడు. వ్యాను నడిపే పాకిస్తానీ దిలావర్‌కు హాకీ అంటే పిచ్చి. అతను రియాద్ పాత సామాన్ల సంతలో వెతికి, బబుల్‌గమ్ ప్యాకెట్లలో వచ్చే, ఆ వాసన ఇంకా పోని కార్డులు నాలుగైదు తెచ్చిచ్చాడు. “యే లో భాయ్, తుమ్హారే బరఫ్‌వాలే,” ఇవిగో నీ మంచువాళ్లు అని భుజం తట్టాడు.

ఇంతలో పరాయి దేశపు కూలీల మీద నితాఖత్ అనే కొత్త కట్టడి వచ్చింది. వీసా ఇచ్చిన కఫీల్ ఒకడు, పని ఇంకొకడి దగ్గర అయితే ఇక కుదరదన్నారు. లింబాద్రి సంగతి సరిగ్గా అదే. ఇకామా అనే నివాస కార్డులో అతను తాయిఫ్‌లో ఒక తోటలో కూలి. ఆ కఫీల్‌ను చూసి ఏళ్లయింది. కాగితాలు సరిచేసుకోవడానికి మొహలత్ ఇచ్చినన్నాళ్లూ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. అవతల ఎత్తినవాడు లేడు. గడువు కాస్తా దాటిపోయింది.

ఆ తర్వాత లింబాద్రి బతుకు ఎలుక బతుకైంది. జీపు చప్పుడు వింటే గదిలో దీపం ఆర్పేసేవాడు. కాంపౌండ్ గేటు దగ్గర సలాం చెప్పే కాపలావాడి ముఖం కూడా అనుమానంగా తోచేది. బయటికెళితే గోడల వెంబడే నడిచేవాడు.

“గా కార్డులు పారేయరాదే,” అన్నాడు హన్మాండ్లు ఒకరోజు. “ఎవడన్న జూస్తే పత్తాలాట అనుకుంటరు. ఈడ జూదమంటే ఊకోరు.”

“పారేస్త తియ్,” అన్నాడు లింబాద్రి. డబ్బా చేతిలోకి తీసుకుని మళ్లీ మంచం కిందికే తోశాడు.

ఒక శుక్రవారం పొద్దున కూరగాయలు కొనుక్కుని వస్తుంటే వీధి మొదట్లో పోలీసు జీపులు కనిపించాయి. తెలుగువాడైన మస్తాన్ వలీ నడిపే కిరాణా కొట్టులో దూరి బియ్యం బస్తాల వెనక కూలబడ్డాడు. కొంతసేపటికి దిలావర్ వెతుక్కుంటూ వచ్చాడు.

“హన్మాండ్లు కో లే గయే. కమ్రే మే తుమ్హారే కార్డ్ మిలే. జువా సమఝ్ రహే హైఁ.”

జూదమనుకుని హన్మాండ్లును పట్టుకుపోయారు. అతని కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. కంపెనీ వీసా. లింబాద్రి కార్డుల వల్లే పట్టుబడ్డాడు.

“నువ్వు మాత్రం పోకే అన్నా,” అన్నాడు మస్తాన్ వలీ. “పోతే నిన్ను ఇండియాకే పంపిస్తారు. మళ్లా రానియ్యరు.”

లింబాద్రికి పారిపోదామనే అనిపించింది. దిలావర్ వ్యానులో ఎక్కడో దూరాన ఉన్న తబూక్ దాకా పోతే అడిగేవాడుండడు. కానీ హన్మాండ్లు పోలీసుల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డట్టు కళ్లకు కట్టింది. లేచాడు. “స్టేషన్ తక్ ఛోడో, భాయ్,” అన్నాడు. దారి పొడుగునా వ్యాను తలుపు పిడి పట్టుకునే ఉన్నాడు, దూకేస్తానేమోనని తనకే భయం.

స్టేషన్‌లో అధికారి బల్ల మీద కార్డులు పరిచి ఉన్నాయి. పక్కనే హన్మాండ్లు.

“హాదా హగ్గీ,” అన్నాడు లింబాద్రి, నావే అని గుండె మీద చెయ్యి వేసుకుని.

వీటితో ఎలా ఆడతారని అధికారి అడిగాడు. లింబాద్రికి అంత అరబ్బీ రాదు. నడుము వంచి, లేని కర్రను రెండు చేతులా పట్టుకుని, లేని బంతిని కొట్టి చూపించాడు. తర్వాత బొమ్మలను చూపి, తన కళ్లను చూపాడు. వాళ్లు ఆడతారు, నేను చూస్తాను. అధికారి కార్డులను అటూ ఇటూ తిప్పి, గోల్‌కీపర్ దగ్గర ఆగి, పళ్లెక్కడని సైగ చేశాడు. వెనకనున్న కానిస్టేబుల్ నవ్వాడు. హన్మాండ్లును పొమ్మన్నారు.

ఆ వెంటనే అధికారి చెయ్యి చాచాడు. “ఇకామా.”

ఇవ్వక తప్పలేదు.

“ఎందుకొచ్చినవే!” హన్మాండ్లు ఏడుపు ఆపుకోలేక కోప్పడ్డాడు. “రెండు దినాలు ఉంచుకోని ఇడిచిపెడ్తుండిరి నన్ను.”

“ఇడువకపోతే?” అన్నాడు లింబాద్రి. “నువ్వు పో. గా డబ్బ తీస్కపో.”

దేశం నుంచి పంపేసేవాళ్లను ఉంచే తర్హీల్‌లో కిక్కిరిసిన హాలు, నేల మీద పడక. పేరు పిలిచినప్పుడల్లా జైలుకేనేమో అనుకునేవాడు. చివరికి వేలిముద్రలు తీసుకుని, దేశం వదిలిపొమ్మని ఎగ్జిట్ కొట్టారు. హన్మాండ్లు ఊడిగం చేసినట్టు రోజూ గేటు చుట్టూ తిరిగి, ఎవరి కాళ్లో పట్టుకుని బట్టల సంచి లోపలికి పంపాడు. లుంగీ మడతల్లో డబ్బా ఉంది.

హైదరాబాద్‌లో దిగి, ఆర్మూరు మీదుగా పోయే నిర్మల్ బస్సెక్కాడు. పోలీసు జీపొకటి పక్కనుంచి దాటిపోతే అలవాటుగా తల దించుకున్నాడు. తర్వాత తనకే సిగ్గేసి కిటికీకి తలానించాడు. కండక్టర్ భుజం కుదిపేసరికి బస్సు నిర్మల్‌లో ఉంది. ఆర్మూరు ఎప్పుడో దాటింది. ఫోన్ మోగుతోంది. ఆర్మూరు బస్టాండులో ఎదురుచూస్తున్న భార్య ముత్యవ్వ.

“ఏడున్నవయ్యా? మల్ల పట్కపోయిన్రా ఏంది?”

“లేదే,” అన్నాడు లింబాద్రి. “పండుకున్న.”