రాలిన రెప్పవెంట్రుక

నా సవతులు నులిపురుగులు. నవ్వకండి, నేను నవ్వుతూ చెప్పడం లేదు. మా ఆయన పనిచేసే ప్రయోగశాలలో, మట్టిలో బతికే సన్నటి నులిపురుగుల్ని పెంచేవారు. వయసు పైబడేకొద్దీ వాటి కదలిక ఎలా మందగిస్తుందో చూడటమే ఆయన ఉద్యోగం. నేనేమో సినిమాల్లో గ్రూప్ డాన్సర్ని. పరిశ్రమ మద్రాసు నుంచి ఇటు తరలివస్తున్న రోజుల్లో శ్రీనగర్ కాలనీలో అద్దెకు ఉండేవాళ్లం.

ఇంటికి రాగానే అవే కబుర్లు. "మొన్నటిదాకా గాజు పళ్లెమంతా తిరిగేది, ఇవాళ ఒకచోటే పడుంది, పాపం" అంటూ అన్నం కలుపుకునేవారు. ఆ 'పాపం' వింటే నాకు ఒళ్లు మండేది. ఆ ఏడాదే ఫిల్మ్‌నగర్ సెట్టులో డాన్సు మాస్టారు నన్ను వెనక వరసకి పంపారు.

"మోకాలు పూర్తిగా వంగట్లేదమ్మా, వెనక నుంచో" అన్నారు, మెల్లగానే.

ఇంటి మెట్లెక్కుతూ నేను గోడ పట్టుకోవడం మా ఆయన కంట పడలేదు. నోరు విప్పి చెప్పను, ఆయనే కనిపెట్టాలని నా పంతం.

ఒక్కటి మాత్రం నాకే సొంతమనుకునేదాన్ని. నా చెంప మీద రెప్పవెంట్రుక రాలితే ఆయన సుతారంగా తీసి, కాగితంలో మడిచి జేబులో దాచుకునేవారు. రాలిన రెప్పవెంట్రుకతో కోరుకుంటే నెరవేరుతుందంటారుగా, నా కోసం ఏదో కోరుకుంటున్నారని మురిసిపోయేదాన్ని.

ఒక ఆదివారం నన్ను ప్రయోగశాలకి తీసుకెళ్లి మైక్రోస్కోపులో చూడమన్నారు. పడుచు పురుగులు మెలికలు తిరుగుతూ జారిపోతున్నాయి. ముసలిది ఒకటి కదలకుండా పడుంది. ఆయన చిన్న పుల్ల తీశారు. దాని కొసన జిగురుతో అతికించిన రెప్పవెంట్రుక.

"ఇది నాదా?"

"నీదే. గట్టిదైతే పురుగుకి దెబ్బ తగులుతుంది. మూడుసార్లు ముట్టుకున్నా కదల్లేదంటే పోయినట్టు లెక్క."

మెత్తగా తాకించారు. అది కాస్త తల తిప్పింది. ఆయన ముఖం వెలిగిపోయింది. నా వెంట్రుకతో దాన్ని బుజ్జగిస్తారా?

"నన్ను వెనక వరసకి నెట్టేశారు. మోకాళ్లు వంగట్లేదు. ఇంట్లో ఉన్న నేను మీ కంటికి ఆనలేదేంటండీ?"

ఆయన పుల్ల కింద పెట్టేశారు. తర్వాత నా కుర్చీ ముందు గచ్చు మీద కూర్చుని మోకాలి మీద చెయ్యి వేశారు.

"ఇక్కడేనా?"

నేను ఉలకలేదు, పలకలేదు. మళ్లీ తాకారు. మూడోసారి ముట్టుకుంటారో లేదో చూద్దామని, పళ్లు బిగబట్టి అలాగే కూర్చున్నాను.