డి డ్రైవ్‌లో నా పువ్వులు

మా ఊళ్లో కంప్యూటర్ షాపుకు ఆడది వెళ్లినా ఫోన్ మాత్రం ఆమె మొగుడికే వస్తుంది. అదొక మర్యాదట. ఆ మర్యాద తగలెయ్య! దాని గురించి తలుచుకుంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

నేను నరసరావుపేటలో ఇంటిపట్టునే కూర్చుని కంప్యూటర్ ఎంబ్రాయిడరీకి డిజైన్లు గీసేదాన్ని. జాకెట్టు మెడ చుట్టూ తిరిగే లత, చేతుల మీద నెమలి, వీపు మీద పెద్ద పువ్వు, ఏది కుట్టాలన్నా ముందు కంప్యూటర్లో ఉండాలి. ఊరికే బొమ్మ గీస్తే సరిపోదు. సూది ఎక్కడ మొదలవ్వాలి, రేకు మీద దారం ఎటు వాలాలి, రంగు ఎక్కడ మారాలి, అన్నీ మిషన్‌కు మనమే చెప్పాలి. ఒక్క పువ్వు కుదరడానికి నాకు రోజంతా పట్టిన సందర్భాలున్నాయి. పిల్లల్ని బడికి పంపి, వంట చేసి, బట్టలు ఆరేసి, మిగిలిన పొద్దంతా, రాత్రి కాసేపూ ఆ తెర ముందే. ఏళ్ల తరబడి అట్లా గీసినవన్నీ డి డ్రైవ్‌లో దాచుకున్నాను. సి డ్రైవ్ విండోస్‌ది, డి డ్రైవ్ మనది, సి పాడైనా డి పోదు అని నాకు కంప్యూటర్ నేర్పిన మేడం మొదటిరోజే చెప్పింది.

ఆ డిజైన్ల వల్లే నాకో దారి దొరికింది. మా ఊళ్లోనే కొత్తగా ఎంబ్రాయిడరీ మిషన్ కొన్న ఒకావిడ నన్ను పిలిపించింది. ఈపూరు నుంచి పెళ్లి జాకెట్ల కోసం వచ్చినవాళ్లు, మా చుట్టాలమ్మాయి జాకెట్టుకు కుట్టించిన నా లతే కావాలని ఫోన్లో ఫొటో చూపించారట.

"మిషన్ నాది, డిజైన్లు నీయి. ఇద్దరం కలిసి కొట్టు పెట్టుకుందామా అమ్మాయ్?" అంది.

నా జన్మలో నన్నెవరూ అట్లా అడగలేదు. కూలికి రమ్మనలేదు, సాయానికి రమ్మనలేదు. చెరిసగం అంది. ఇంటికొచ్చేదాకా నా కాళ్లు నేల మీద లేవంటే నమ్మండి.

సరిగ్గా అప్పుడే కంప్యూటర్ మొరాయించింది. ఆన్ చేస్తే సగంలో ఆగి నీలం తెర చూపించేది. నేనే ఆటోలో పెట్టుకుని షాపుకు తీసుకెళ్లాను. షాపులో ఉన్నది కుర్రవాడేం కాదు, పెళ్లాం పిల్లలున్నవాడు, పని తెలిసినవాడే. విప్పి చూసి, "విండోస్ పోయిందక్కా. ఫార్మాట్ కొట్టి కొత్తది వెయ్యాల" అన్నాడు.

"సి లో ఏమున్నా తీసెయ్. డి జోలికి మాత్రం పోమాక. నా పనంతా అందులోనే ఉంది."

"నాకు తెలవదా అక్కా. సార్ నంబర్ చెప్పు, అయినాక ఫోన్ చేస్తా."

"సార్ నంబరెందుకు? కంప్యూటర్ నాది. నాకే చెయ్యి."

మొహమాటంగా నవ్వి నా నంబరే రాసుకున్నాడు. కానీ మా ఆయన పురుగుమందుల కొట్టు ఆ వీధి చివరే. ఆయన నంబరు వాడి ఫోన్లో ఎప్పటినుంచో ఉంది.

మర్నాడు సాయంత్రం మా ఆయనే దాన్ని బండి మీద ఇంటికి తెచ్చాడు. తనే వైర్లన్నీ తగిలించి, స్విచ్ వేసి, "చూడు, ఎంత స్పీడుగా ఉందో!" అని మురిసిపోయాడు. నేను డి డ్రైవ్ కోసం చూశాను. డి లేదు. మళ్లీ చూశాను. మొత్తం కలిపి ఒకటే డ్రైవ్, అందులో ఒకటే ఫోల్డర్. తెరిస్తే అన్నీ సినిమాలు! కొత్తవీ పాతవీ, డబ్బింగువీ. మా వైపు షాపుల్లో విండోస్ వేసిన కంప్యూటర్‌ను ఖాళీగా ఇవ్వరు, తెలిసినవాళ్లు గదా అని సినిమాలు నింపి ఇస్తారు. అదీ మర్యాదే.

చెప్పులేసుకుని షాపుకు పరిగెత్తాను.

"కొత్త విండోస్‌కు సి లో చోటు చాల్లేదక్కా. డి కలిపేస్తే గాని ఎక్కలా. అందుకే సార్‌ని అడిగినా."

"నన్నెందుకు అడగలా?"

"నిన్న అప్పటికే పొద్దుగూకింది. ఆ వేళ ఆడవాళ్లకు ఫోన్ చేస్తే ఏం బాగుంటదక్కా?"

"ఆయనేమన్నాడు?"

వాడు నా మొహం వంక చూడలేకపోయాడు. "ఏందో ముగ్గులు గీసుకుంటది లే, కలిపెయ్ అన్నాడు."

పోయినవాటిని వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్లు ఉంటాయని నాకు తెలుసు. అడిగాను. పాపం, గంటసేపు ప్రయత్నించాడు. ఫార్మాట్ కొట్టి ఊరుకుని ఉంటే చానా వరకు దొరికేవట. దాని మీద సినిమాలు ఎక్కించేశాడు గదా! నా లతలున్న చోట ఇప్పుడు ఎవడో హీరో ఎగురుతున్నాడు. దొరికిన ఫైళ్లలో ఒక్కటీ తెరుచుకోలేదు.

అక్కడి నుంచి నేరుగా మా ఆయన కొట్టుకు పోయాను. నలుగురు రైతులు పత్తిమందు కోసం నిలబడి ఉన్నారు. ఉంటే ఉండనీ అనుకున్నాను.

"ఏందయ్యా, నావి ముగ్గులా?"

"ఏమే, జనం చూస్తన్నారు. ఇంటికి పద, మాట్లాడుకుందాం."

"చూడనీ! నన్ను ఒక్క మాట అడిగితే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

"అయ్యి అంత ముఖ్యమని నాకెట్టా తెలుసు?"

ఎట్టా తెలుసా? ఆ కంప్యూటర్ ఉన్నది మా పడకగదిలో. ఇన్నేళ్లూ నేను గీస్తుంటే ఆ వెనకే మంచం మీద పడుకుని ఫోన్ చూసుకున్నాడు ఈ మనిషి. లైటు తీసెయ్ అన్నాడు గాని ఏం చేస్తున్నావని ఒక్కనాడూ అడగలేదు. రైతుల ముందే అరిచాను, ఏడ్చాను. వాళ్లలో ఒక పెద్దాయన, "పోనీలేమ్మా, కంప్యూటర్ బాగైంది గదా" అన్నాడు. ఆయన మీద కూడా అరిచాను.

విన్నవాళ్లంతా పెన్‌డ్రైవ్‌లో కాపీ పెట్టుకోవాల్సింది అని నాకు బుద్ధులు చెప్పారు. పెట్టుకున్నాను తల్లీ! దాన్ని పాటల కోసం ఖాళీ చేసి కొట్లో స్పీకరుకు గుచ్చింది ఎవరనుకున్నారు?

మిషన్ ఆవిడ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. మళ్లీ గీస్తాను, కాస్త ఆగమన్నాను. ఆవిడ చెడ్డది కాదు. కానీ పెళ్లిళ్ల సీజన్ నెత్తి మీదుంది, మిషన్‌కు బ్యాంకు వాయిదాలున్నాయి. మరో అమ్మాయిని చూసుకుంది. ఆ అమ్మాయి దగ్గర ఎక్కడెక్కడో డౌన్‌లోడ్ చేసిన డిజైన్లు కుప్పలుగా ఉన్నాయట.

ఆ సంగతి చెబితే మా ఆయన నా పక్కన కూర్చుని తల నిమిరాడు. "పోన్లే, బాధపడమాక. నీకు ఆ తిప్పలన్నీ ఎందుకు, ఇంటి దగ్గర హాయిగా ఉండు" అన్నాడు. వెటకారానికి అనలేదు. నిజంగా నన్ను ఓదార్చాలనే అన్నాడు. తిట్టినా నేను అంత మండిపోయేదాన్ని కాదు. ఆ చెయ్యి విసిరికొట్టి లేచాను.

వారం తిరక్కుండా వెళ్లి ఆ మిషన్ దగ్గరే పనికి కుదిరాను. చెరిసగానికి కాదు, కూలికి. దారాలు ఎక్కిస్తాను, గుడ్డ బిగిస్తాను, దారం తెగితే ఆపుతాను. ఇంటికొచ్చాక మళ్లీ మొదటి నుంచి గీసుకుంటున్నాను. పగలంతా నా కళ్ల ముందు మిషన్ కుట్టే పువ్వులు మాత్రం నావి కావు. రేకు ఒంపు తిరిగే చోట దారం ముద్దకడుతుంది. నావి అట్లా కట్టేవి కావు.