ఆకుతో పాటు వణికిన ఫోను

2022 చలికాలం మొదట్లో, గల్ఫ్‌లో, సౌదీకి సముద్రం మీద బ్రిడ్జి ఉన్న దీవిలో జరిగిన సంగతి. సీఫ్‌లో ఒక మాల్ వెనకవైపు ఆల్టరేషన్ షాపులో నేను మిషన్ కుడతాను. ఆల్టరేషన్ అంటే కొత్త బట్టలు కుట్టడం కాదు, కొన్నవాటిని ఒంటికి సరిచేయడం. మా ఆయన పోయాక నేర్చుకున్న పని ఇదే. రాయడం మాత్రం నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే పక్క మిషన్ సుజాత రాస్తోంది.

సలీం భాయ్‌ది నిజామాబాద్ వైపు. మెడ నరానికి ఆపరేషన్ అయ్యాక చేతులకు వణుకు మిగిలింది. కంపెనీ వాళ్లు డ్రైవింగ్ మాన్పించి మా మాల్ పార్కింగ్‌లో డ్యూటీ వేశారు. ఒకరోజు జిప్పు వేయించుకోవడానికి వచ్చి, ఫోను నా ముందు పెట్టాడు. కెమెరా మీద గుండీ అంత లెన్సు, క్లిప్పుతో పట్టి ఉంది. చిన్న పురుగును పెద్దగా చూపిస్తుందట. ఫోటో చూస్తే అంతా పచ్చటి మసక.

"ఏంటి భాయ్ ఇది, పాలకూర పప్పా?"

"సాలీడు అక్కా! మా బిడ్డకు ప్రతి శుక్రవారం, జుమ్మాకు, ఒక పురుగు ఫోటో పంపుత. చూసి బొమ్మ గీస్తది. కండ్లెన్ని, కాళ్లెన్ని అని నా పానం తీస్తది. ఇప్పుడేమో ఏం కనిపిస్తలేదు అబ్బా, పోనీ తియ్ అంటున్నది. పోయిన జుమ్మా ఫోనే ఎత్తలే."

అబ్బా అంటే వాళ్లలో నాన్న. అలా అని జిప్పు వంక చూస్తూ కూర్చున్నాడు. దూరాన ఉన్న తండ్రికి, పన్నెండేళ్ల పిల్లకి మధ్య ఉన్న మాటలన్నీ ఆ పురుగులే అని నాకు అర్థమైంది.

"స్టాండు కొనుక్కోరాదూ?"

"స్టాండు కాళ్లు ఇప్పేలోపు సాలీడు బ్రిడ్జి ఎక్కి సౌదీ పోతది. చేత్తోనే తియ్యాలె."

శనగలు నింపి మణికట్టు కింద పెట్టుకునే సంచి కుట్టిచ్చాను. మర్నాడే వెనక్కి తెచ్చాడు. చెయ్యి కాస్త నిలిచిందట గానీ, గాలికి ఆకు ఊగుతోందట.

"శనగలు ఉడకబెట్టుకో భాయ్," అంది సుజాత.

అతను నా మిషన్ వైపే చూస్తున్నాడు. "అక్కా, మిషిన్ గింత ఊగుతుంటే కుట్టు సక్కగెట్ల వస్తది?"

ప్రెసర్ ఫుట్ చూపించాను. సూది చుట్టూ బట్టను నొక్కిపట్టే ఇనుప పాదం అది. "బల్లంతా ఊగినా సూదీ బట్టా కలిసే ఊగుతాయి. అందుకే..." అంటూ అతని ఫోను వంక చూశాను. అతనూ అటే చూశాడు.

"అయితే ఆకును, ఫోన్‌ను కలిపి పట్టాలె!" అన్నాడు.

పేపరు మీద అక్షరం లెన్సులోంచి స్పష్టంగా కనపడే దూరం అతనే కొలిచాడు. రెండు వేళ్ల మందం. కాలర్లలో పెట్టే గట్టి బట్ట బక్రంతో, ఆ ఎత్తులో చేతి గాజులా గుండ్రటి గొట్టం చేశాను. పక్కల కిటికీలు కోసి, ఎండ చురుక్కుమనకుండా పల్చటి తెల్ల మల్మల్ గుడ్డ కుట్టాను. పై అంచు లెన్సుకు, కింది అంచు ఆకుకు ఆనాలి. ఆకు కింద ఎడమ అరచేయి.

మాల్ బయట పూలకుండీల దగ్గర ముగ్గురం వంగాం. అతని చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆకూ వణికింది, ఫోనూ వణికింది. ఫోటోలో సాలీడు మాత్రం కదలకుండా మమ్మల్నే చూస్తోంది, నల్లపూసల్లాంటి కళ్లేసుకుని.

ఆ శుక్రవారం మధ్యాహ్నం అతను షాపులోకొచ్చి స్పీకర్ పెట్టాడు. "అబ్బా, దీనికి మూతి మీద మీసాలెందుకున్నయి?" అంటోంది పిల్ల.

"నీకు జవాబు తెలుసా అక్కా?" అని గుసగుసగా అడిగాడు.

"తెలీదని చెప్పు. వచ్చే వారం దాకా ఆలోచించనీ."

మా ఆయన పోయినప్పుడు అందరూ ఏడవకు, ఏడవకు అన్నారు. పొరుగావిడ ఒక్కరు మాత్రం ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుని నాతో పాటు ఏడ్చారు. నిలదొక్కుకున్నది ఆవిడ వల్లేనని నాకు అప్పుడు తెలియలేదు, ఆకుతో పాటు వణుకుతూనే సలీం భాయ్ తీసిన ఫోటో చూశాక తెలిసింది. ఇప్పుడు కంగారుగా ఎవరు షాపులోకి వచ్చినా, కంగారు పడొద్దు అనను. స్టూలు వాళ్ల పక్కకి లాక్కుని కూర్చుంటాను.