ఇప్పచెట్లు దాటేదాకా

ఈ రోజు తెల్లారుతుండగానే భద్రాచలం వైపు అడవిలోకి పక్షుల్ని చూడటానికి వెళ్లాను. గేటు దగ్గర ‘నిశ్శబ్దంగా నడవండి’ అని పెద్ద బోర్డు ఉంది. నేను ఎండుటాకులు తప్పించుకుంటూ అడుగులేస్తుంటే, మా గైడ్ ముత్తక్క మాత్రం లోపలికి రాగానే గొంతెత్తి వాళ్లింటి మేకల కథ మొదలుపెట్టింది.

నాకు చిరాకేసింది. “మెల్లగా అక్కా, పిట్టలు ఎగిరిపోతయ్” అన్నాను.

“పోతే మళ్ల వస్తయ్ సార్. ఇప్పపువ్వు రాలుతున్నది, ఎలుగుబంటి చెట్ల కిందనే తింటుంటది. మనం వస్తున్నమని దానికి ముందుగాల తెల్వాలె. మీరు గూడ మాట్లాడుండ్రి” అంటూ దారి పక్కన ఎలుగుబంటి అప్పుడే తవ్వినట్టున్న చెదపుట్టను చూపించింది.

వెంటనే నాకూ గొంతు లేచింది. ఏం మాట్లాడాలో తోచక ఎక్కాలు అప్పజెప్పాను. పదమూడో ఎక్కం తప్పిపోయినా ఆపలేదు.

ఇప్పచెట్లు దాటగానే ముత్తక్క పెదవుల మీద వేలు పెట్టింది. ఎదురుగా చెట్టుతొర్ర దగ్గర మగ హార్న్‌బిల్ పక్షి వాలింది! తొర్ర మూసుకుని లోపల పొదుగుతున్న ఆడపక్షికి పండు తెచ్చింది. సన్నటి చీలికలోంచి ముక్కు కొన బయటికొచ్చి ఆ పండు అందుకుంది. తొందరలో ఒక్క ఫోటో కూడా సరిగ్గా రాలేదు.

ఆ బోర్డు రాసినాయన ఇప్పపువ్వు కాలంలో ఈ దారిన నడిచి ఉండడు. తిరుగుదారిలో నాకు ఎక్కాలు అక్కర్లేకపోయాయి, చూసిందంతా గట్టిగా ఎలుగుబంటికే చెప్పుకుంటూ వచ్చాను. మీరైతే దానికి ఏం వినిపిస్తారు?