కోటగిరి గోడ మీద నూనె మరక

రిటైరవడానికి ముందు ఏడాది, ఏప్రిల్‌లో, నన్ను కోటగిరిలో ఒక ఇంటి గోడ కడిగే పనికి పంపారు. అప్పుడు నేను నిజామాబాద్‌లో యంత్రంతో గోడలు, గచ్చులు కడిగే చిన్న సంస్థలో సూపర్‌వైజర్‌ని. అంతకుముందు ఒక చక్కెర మిల్లులో ఇలాగే నీటి ఒత్తిడితో పైపులు శుభ్రం చేయించేవాణ్ని.

ఆ ఇంటి పెద్దాయన పోయి ఏడాది కావస్తోంది. ఏడాది కార్యానికి చుట్టాలు వస్తారని కొడుకు గంగాధర్ మమ్మల్ని పిలిపించాడు. పాత సున్నపు గోడ, చెమ్మకు నల్లగా పాచి పట్టింది.

"ఫుల్ ప్రెషర్ పెట్టు కాకా. వట్టి నీళ్లే గద, గోడకేమైతది?" అన్నాడు.

చాలామంది అలాగే అనుకుంటారు. ఇనుప పైపుల్లో గట్టిపడిన మడ్డిని ఊడగొట్టే ఒత్తిడి సున్నాన్ని పొరలుగా లేపేస్తుంది. గోడకు మందు చల్లి, పాచి చచ్చేదాకా ఆగి, వెడల్పుగా చిమ్మే నాజిల్‌తో దూరం నుంచి మెల్లగా కడగాలి. సగం పని ఆగడంలోనే ఉంటుంది.

అరుగు పైన, కూర్చున్న మనిషి తల ఆనే ఎత్తులో, గుండ్రంగా ఒక నూనె మరక ఉంది. గంగాధర్ తల్లి లక్ష్మవ్వ దాన్ని చూపించి, "గిది పోతదా?" అని అడిగింది.

"పోతది అవ్వా, రంది పడకు," అన్నాడు గంగాధర్. ఆమె లోపలికి పోబోయింది.

మరక పోవాలా, ఉండాలా అని నేను ఆమెను అడిగాను. ఆమె కొడుకు వైపు చూసి జవాబు చెప్పింది.

"మీ బాపు గీడనే ఒరుగుతుండె. తలకు నూనె వెట్టుకొని ఒరగకని రోజు కొట్లాడుతుంటి."

గంగాధర్ మరక దగ్గరికొచ్చి వంగి చూశాడు. తర్వాత, "గింత కడిగి మరక ఇడిసిపెట్టిండ్రంటరు సుట్టాలు," అన్నాడు.

"అననీ. చాయ్ పోస్తం గద, తాగి పోతరు," అంది లక్ష్మవ్వ.

చూరు కింద కావడంతో అక్కడ పాచి లేదు. చల్లటి నీళ్లకు నూనె పోదు గానీ, మందు తగిలితే మరక వెలిసిపోతుంది. అది చెప్పగానే గంగాధర్ చెప్పులు విడిచి అరుగెక్కాడు. మరక మీద పాలిథీన్ అతనే పట్టుకున్నాడు, నేను చుట్టూ టేపు వేశాను.

సాయంత్రానికి గోడ తేటపడింది. మరక ముందుకంటే బాగా కనబడింది. లక్ష్మవ్వ దాని చుట్టూ ఉన్న తడిని కొంగుతో అద్దింది, మరకను మాత్రం ముట్టుకోలేదు.

అంతకు కొద్ది నెలల ముందే నా భార్య పోయింది. మా వంటింట్లో స్టవ్ వెనక గోడ మీద ఆమె వేసిన పోపుల మరకలు ఇప్పటికీ ఉన్నాయి.

ఆ తర్వాత ఏ ఇంటికి పోయినా, మోటారు వేయకముందు ఇంట్లోవాళ్లందరినీ గోడ దగ్గరికి పిలిచి అడిగేవాణ్ని. పనికి పిలిపించిన ఒక్కరి మాట మీద నీళ్లు వదలలేదు.