మేస్త్రిగారి రబ్బరు సూటు

మా డైవింగ్ మేస్త్రిగారు కాలధర్మం చెందారని గత మంగళవారం వారి పెద్దమ్మాయి ఉప్పాడ నుంచి ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయారట. "మీకు తప్పకుండా చెప్పమని నాన్నగారు మీ నంబరు రాసి పెట్టారండి" అన్నది. ఆ మాట వినగానే నాకు దుఃఖం కంటె ముందు సిగ్గు కలిగింది. దాని కారణం ఆయన బ్రతికి ఉండగా చెప్పుకోలేకపోయాను. ఇప్పుడు చదువరుల ముందు చెప్పుకుంటున్నాను.

ఎనభైల తొలి సంవత్సరాలలో బహ్రెయిన్‌లో, అరాద్ సమీపాన, ఓడల అడుగుభాగాలను నీట మునిగి శుభ్రపరిచే ఒక చిన్న కంపెనీలో ఆయన డైవర్లకు పెద్ద, నేను స్టోర్‌కీపర్‌ను. పద్యం చెప్పుకుని బ్రతికిన వంశంలో పుట్టి, అక్కడ సామాన్ల పట్టీలు రాసుకునేవాణ్ణి. సముద్రవర్ణనలు నాకు కంఠస్థమే కాని, జనవరిలో ఆ నీరు ఎముకలు కొరుకుతుందని ఏ కవీ నాకు చెప్పలేదు. శీతకాలపు ఉత్తరపు గాలికి ఆ లోతులేని సముద్రం ఇట్టే చల్లబడుతుంది. అందులో మూడేసి గంటలు పనిచేసి పైకి వచ్చినవారు టీ గ్లాసు పట్టుకోలేక ఒలకబోసుకునేవారు. ఒకనాడు ఒక డైవరుకు వేళ్ళు మొద్దుబారి నడుముకున్న బరువుల బెల్టు విప్పుకోవడం చేతకాలేదు. మేస్త్రిగారే దిగి అతణ్ణి పైకి తెచ్చారు. ఆ తరువాత గాని మా మేనేజరు దొర, లోపలికి నీరు రాని పొడిసూట్లు కొందామనలేదు.

మేస్త్రిగారు దేనినీ వెంటనే నమ్మే మనిషి కారు. తాను దగ్గరుండి నింపించిన గాలి సిలిండరునైనా మళ్ళీ కొలత చూసేవారు. క్యాంపులో కూర వాసన చూడనిదే కలుపుకునేవారు కారు. "అనుమానం నా జబ్బు కాదండీ పంతులుగారూ, నా డ్యూటీ" అని నాతో అనేవారు.

రెండు నమూనాలు వచ్చాయి. ఒకటి మందపు నురుగురబ్బరుది. తనంత తానే వెచ్చన, చిరిగినా కొంత వెచ్చదనం మిగులుతుంది. రెండవది రబ్బరు పూత పూసిన పలుచని గుడ్డది. దానికి సొంత వెచ్చదనం లేదు, లోపల ఉన్నిబట్టలు తొడుక్కోవాలి. మెడకూ మణికట్లకూ ఉన్న సాగే రబ్బరు పట్టీలు చర్మాన్ని బిగబట్టి నీటిని ఆపుతాయి. దొరకు ఈ రెండవది నచ్చింది. నురుగు సూటును అమ్మజూపిన ఏజెంటు కాకినాడవాడు. నయీమ్ పేటలో ఒక టీ కొట్టు దగ్గర మేస్త్రిగారు అతనితో కూర్చుని నవ్వుతూ మాట్లాడటం నేను రెండుసార్లు చూశాను. నాలో అనుమానం పుట్టడానికి ఆ రెండుసార్లు చాలాయి.

పలుచని సూటు మూడు వారాలు నా స్టోరులో ఉన్నాక, ఒక ఉదయం దానిని మేస్త్రిగారే తొడుక్కుని దిగారు. పది నిమిషాలు కాలేదు, పైకి లాగమని సైగగా ఆయన నడుముకు కట్టిన తాడు మూడుసార్లు అదిరింది. తాడు పట్టే జగిత్యాల తమ్ముడు కేకవేశాడు.

"గుంజు పంతులూ, గుంజు! మనిషి తడిసిన సిమెంటు బస్తా లెక్క అయిండు!"

పైకి లాగేసరికి మెడపట్టీ చిరిగి సూటునిండా నీరు. పెదవులు నల్లబడిపోయాయి. అయినా ఆయన చేసిన మొదటి పని ఆ పట్టీని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడటం. తరువాత ఒక ముక్క తుంచి సంచిలో వేసుకున్నారు.

సాక్ష్యం మాయం చేస్తున్నారనుకున్నాను. మధ్యాహ్నం ఆయన స్టోరులో నా బల్ల సొరుగు తెరిచి చూడటం కంటపడి, ఆ అనుమానం రూఢి అయింది. సాయంత్రం దొర గదికి వెళ్ళి, కాకినాడ ఏజెంటు కోసం మేస్త్రే పట్టీ పాడుచేసి ఉంటాడని చెప్పాను. అలా చేసినవాడు తానే దానిని తొడుక్కుని దిగుతాడా అన్న ప్రశ్న నాకు తట్టకపోలేదు. తట్టింది, పక్కకు నెట్టాను.

పది రోజులలో కారణం తేల్చకపోతే మేస్త్రిగారి వీసా క్యాన్సిల్ చేసి పంపేస్తానన్నాడు దొర. ఊరికి తిరిగి వెళితే ఆయనకు చేపలవేటకు దిగడానికి పడవ కూడా లేదు. తన వాటా తమ్ముళ్ళకు వదిలి వచ్చారు.

ఆ పది రోజులూ ఆయన నురుగు సూటులోనే దిగారు. అది రేవునీటిలోని చమురును పీల్చుకుని, రెండు రోజులు ఎండలో వేలాడినా ఆరేది కాదు. "నిన్నటి తడిలో ఇవాళ దూరితే ఇంక పొడిసూటేంటండి బాబూ!" అన్నారు. స్టోరు కిటికీలో గాజుపలక మీద, విడి పట్టీలోంచి కోసిన రెండు రబ్బరు ముక్కలు పెట్టారు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. నేను వాటినీ, ఆయననూ దొంగచూపులు చూస్తూ గడిపాను.

పదవనాడు అందరి ముందూ ఆ ముక్కలు తెచ్చారు. ఇంగ్లీషులోకి మార్చి దొరకు చెప్పవలసిన పని నాది. మొదటి ముక్కను లాగారు, సాగి వెనక్కి వచ్చింది. రెండవది బెల్లంపాకంలా వేళ్ళకు అంటుకుని తెగిపోయింది.

"దీనికి కొబ్బరినూనె రాశానని చెప్పండి. చిరిగిన పట్టీ దగ్గరా నాకు కొబ్బరినూనె వాసనే వచ్చింది. కొత్త పట్టీ వేసి, నూనె దరికి రానివ్వకపోతే ఈ పల్చటి సూటే మనకి మంచిది. చమురంటితే తుడిస్తే పోద్ది. చిల్లి పడితే సైకిల్ ట్యూబులా అతికేసుకోవచ్చు. పూటలో ఆరిపోద్ది."

 మా ఇంట తాళపత్ర గ్రంథాలకు ఏటేటా నూనె పూసేవారు. పూయని ఆకు పెళుసెక్కి విరిగిపోతుందని మా నాన్నగారి శాసనం. గల్ఫు గాలికి రబ్బరు కూడా పగులుతుందని భయపడి, వారానికొకసారి దూదితో ఆ పట్టీకి భక్తిగా కొబ్బరినూనె రాసినవాణ్ణి నేనే. సీసా నా సొరుగులోనే ఉంది.

ఎవరు రాశారని దొర అడిగాడు. మేస్త్రిగారు నా వైపు చూడలేదు.

"ఎవరో మంచికే రాసుంటారని చెప్పండి పంతులుగారూ. ఖలాస్. ఇకమీదట పౌడరు రాయమని బోర్డు పెట్టించమనండి."

ఆ మాటను నా నోటితోనే ఇంగ్లీషులో చెప్పాను. "సూటుకు నూనె వెట్టి జడ ఏద్దామనుకున్నడేమో!" అన్నాడు జగిత్యాల తమ్ముడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అంతకు మించిన నీచపు నవ్వు నా జన్మలో నవ్వలేదు.

కొత్త పట్టీ వేసిన మరునాడు ఆయన అదే సూటులో దిగి, గంటన్నర పనిచేసి పైకి వచ్చారు. గాలి విసురుగా ఉంది. ఆ సూటుకు జిప్పు భుజాల వెనుక ఉంటుంది, మరొకరు తీయాలి. ఆయన జగిత్యాల తమ్ముణ్ణి తప్పించి, నా ముందుకు వచ్చి వీపు తిప్పి నిలబడ్డారు.

"మీరే తియ్యండి. లోపల చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలితే దొరగారికి మళ్ళీ మీరే చెబుదురుగాని."

దొరకు చెప్పింది నేనేనని కూడా ఆయనకు తెలుసునని అప్పుడు అర్థమైంది. జిప్పు తీసి, చలికి కొయ్యబారిన చేతిని లోపల పెట్టాను. ఉన్నిచొక్కా పొడిగా, వెచ్చగా ఉంది. ఆయన కదలలేదు, తొందరపెట్టలేదు. నా అరచేతి కింద ఆ విశాలమైన వీపు శ్వాసతో పాటు నెమ్మదిగా లేస్తూ, దిగుతూ ఉంది.